‘సాయంత్రం నాలుగింటికి మీరు ఏ గదిలో ఉంటారు టీచర్?’

మా ఇంటి ప్లాన్ అప్రూవల్‌కి పెట్టడానికి ఇంకా నాలుగు రోజులుందనగా దాన్ని వాట్సాప్‌లో నా పాత స్టూడెంట్‌కి పంపాను. తను ఆర్కిటెక్చర్ చదివి ఇప్పుడు విజయవాడలో సొంతంగా పని చేసుకుంటోంది. సలహా కోసమేం కాదు, గొప్ప కోసమే పంపాను. ఇన్నేళ్ళు అద్దె ఇళ్ళలో గడిపి కట్టుకుంటున్న ఇల్లు కదా. "బాగుంది టీచర్" అంటుందనుకున్నాను. అరగంటకి ఫోన్ చేసి, "సాయంత్రం నాలుగింటికి మీరు ఏ గదిలో ఉంటారు టీచర్?" అని అడిగింది.

నేను లెక్కల టీచర్ని. బడి నుంచి వచ్చి ఓ గ్లాసు టీ పెట్టుకుని, పేపర్లు దిద్దుకుంటూ ముందు గదిలో కూర్చోవడం ఏళ్ళ తరబడి అలవాటు. అదే చెప్పాను. "ఆ ముందు గదికి పడమర వైపు పదడుగుల వెడల్పున అద్దం పెట్టారు చూశారా? మే నెలలో ఆ టైముకి ఎండ తిన్నగా మీ పేపర్ల మీదే పడుతుంది. పైన రెండడుగుల సన్‌షేడ్ ఉంది కానీ అది వానకి తప్ప ఎండకి పనికిరాదు" అంది.

మాది గుంటూరు ఊరి చివర 200 గజాల స్థలం. పడమర రోడ్డు. ముప్ఫై అడుగుల ముఖం, అరవై అడుగుల లోతు. ప్లాన్లు గీసే ఓ ఆఫీసుకి కొలతలు, గదుల లెక్క ఇస్తే మూడు రోజుల్లో చేతిలో పెట్టారు. వాళ్ళని అనడానికేం లేదు, మేం అడిగిందే గీశారు. కింద అత్తయ్య గారికి, మామయ్య గారికి రెండు గదులు, పైన మాకు మూడు, ముందు కారుకి చోటు, ఎలివేషన్ (ఇంటి ముందు రూపు) మాత్రం ‘రిచ్‌గా’. వేడి గురించి మేం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. అది ఏసీ వాళ్ళు చూసుకునే సంగతి అనుకున్నాం. ఏసీ షాపతను అప్పటికే ఆ ప్లాన్ చూసి నాలుగు కావాలన్నాడు, హాల్లోకి రెండు టన్నులది.

వేడంటే ఏమిటో తెలియక కాదు. అప్పటికి పదేళ్ళుగా పై అంతస్తులో అద్దెకుంటున్నాం. మే నెలలో రాత్రి పదకొండింటికి మంచం పక్క గోడ మీద చెయ్యి పెడితే జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా ఉండేది. సాయంత్రం డాబా మీద నీళ్ళు కొడితే పది నిమిషాలు హాయి, ఆ తర్వాత ఉక్క. పగలంతా తాగిన ఎండని కాంక్రీటు కొన్ని గంటలు ఆలస్యంగా లోపలికి కక్కుతుంది. ఆ కక్కే వేళ సరిగ్గా మనం పడుకునే వేళ. ఏసీ వేస్తే గాలి చల్లబడుతుంది గానీ కప్పు చల్లబడదు. అర్ధరాత్రి ఏసీ కట్టేస్తే పావుగంటలో మెలకువ వచ్చేది. ఇంత అనుభవించీ, మా సొంత ప్లాన్‌లో మా పడకగది మీద అలాంటి శ్లాబే గీయించుకున్నాం.

మావారు "అప్రూవల్ అవనీ, చిన్న చిన్నవి తర్వాత మార్చుకోవచ్చులే" అన్నారు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "తర్వాత మార్చగలిగేవి రంగులూ టైల్సూ ఫ్యాన్లూ సార్. గదులెక్కడ, గోడ దేనితో, కిటికీ ఏ వైపు, శ్లాబు మీద ఏముంటుంది, ఇవి మాత్రం ఇప్పుడే. ఇప్పుడైతే రబ్బరుతో చెరిపేయొచ్చు, శ్లాబు పడ్డాక డ్రిల్లు కావాలి." అని ఊరుకోకుండా ఇంకో మెలిక పెట్టింది: ఈ ఇంటి మీద చెయ్యి పడే వాళ్ళందరూ ఒక ఆదివారం ఒకేచోట కూర్చోవాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు, తాపీ మేస్త్రి, ఎలక్ట్రీషియన్, సిద్ధాంతి గారు, మేమూ.

మావారు నవ్వేశారు, పెళ్ళిచూపులా అని. మేస్త్రి అయితే ఫోన్‌లోనే "నన్నెందుకమ్మా, గోతులు తీసేటప్పుడు పిలవండి" అన్నాడు. మామూలుగా జరిగేది అదే. ముందు సిద్ధాంతి గారు గదుల చోటు చెబుతారు. దాన్ని బట్టి ప్లాన్ వాళ్ళు కిటికీలు పెడతారు. ఆ గదుల మూలల్లో ఇంజనీరు పిల్లర్లు వేస్తాడు. బీములు పోగా మిగిలిన చోట ఎలక్ట్రీషియన్ పైపులు లాగుతాడు. అందరి తర్వాత ఏసీ అతను వచ్చి, తయారైన వేడిని చూసి టన్నులు చెబుతాడు. ఒకరు వేసిన ముడి విప్పే వీలు వెనకొచ్చిన వాళ్ళకి ఉండదు.

మార్చి నెల ఆదివారం సాయంత్రం స్థలంలోనే కూర్చున్నాం, టెంట్ హౌస్ నుంచి తెప్పించిన ప్లాస్టిక్ కుర్చీల్లో. ఆ అమ్మాయి ముందుగా చేసిన పని స్థలం మధ్యలో ఒక ఇటుక పెట్టి దాని పక్కన అగరొత్తులు గుచ్చి వెలిగించడం. సిద్ధాంతి గారు పూజేమో అనుకుని లేచి నిలబడ్డారు. పొగ ఎటు పోతుందో చూడటానికట. ఐదు దాటాక పొగ మెల్లగా వాయువ్యం వైపు వాలింది. అంటే గాలి ఆగ్నేయం నుంచి వస్తోంది. మేస్త్రి అప్పుడు నోరు విప్పాడు. "దీనికి అగరొత్తులెందుకమ్మా. సాయంత్రమైతే సముద్రం వైపు నుంచి పైరగాలి వస్తుంది. మే నెలలో పగలు మాత్రం పడమర నుంచి వడగాలి, మొహం మాడిపోద్ది." ఆ ఒక్క మాటతో సగం ఇల్లు తేలిపోయింది: పడమర మూసుకోవాలి, దక్షిణం, తూర్పు తెరుచుకోవాలి. మేస్త్రిని గోతులు తీసేటప్పుడే పిలిచి ఉంటే ఆ మాట ఎవరికీ వినబడేది కాదు.

తర్వాత బిస్కెట్ డబ్బా అట్టతో చేసిన బుల్లి ఇంటిని బయటికి తీసింది. ఫోన్ టార్చి సూర్యుడు. ఇక్కడ నాకు సిగ్గేసిన సంగతి ఒకటి చెప్పాలి. పదో తరగతి పిల్లలకి ఇరవై ఏళ్ళుగా త్రికోణమితి చెబుతున్నాను. ఊర్ధ్వకోణం, దీపస్తంభం, దాని నీడ పొడవు, నిద్రలో అడిగినా చెబుతాను. ఆ లెక్కని ఇంటి కిటికీకి వాడొచ్చని ఒక్కసారీ తట్టలేదు. గుంటూరులో మే నెల సాయంత్రం నాలుగున్నరకి సూర్యుడు దాదాపు 27 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. టాన్ 27 అంటే అర. అంటే రెండడుగుల సన్‌షేడ్ కిటికీ మీద ఒక్క అడుగు నీడే ఇస్తుంది. నాలుగడుగుల కిటికీలో మూడడుగులు ఎండే. గంట గడిస్తే ఆ అడుగు కూడా ఉండదు.

అదే సన్‌షేడ్ దక్షిణం వైపు వేస్తే? డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు బాగా కిందికి దిగినప్పుడు కూడా 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, నీడ రెండడుగుల నాలుగైదు అంగుళాలు వస్తుంది. మార్చి నెలాఖరుకి ఆరడుగులు దాటుతుంది, కిటికీ అంతా నీడలోనే. ఇక మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి దక్షిణాన ఉండనే ఉండడు, నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. ‘దక్షిణం ఎండ’ అని మనం భయపడేది అసలు ఎండాకాలంలో లేనే లేదు! ఆ నెలల్లో ఉత్తరపు గోడకే పొద్దునా సాయంత్రం ఏటవాలుగా ఎండ తగులుతుంది. నేను అక్కడే నోట్‌బుక్ తీసి నెలవారీగా పట్టిక వేశాను. సిద్ధాంతి గారు దాన్ని అడిగి తీసుకున్నారు.

ఇంకో భ్రమ కూడా ఆ రోజే పోయింది. పడమర ముఖం స్థలం అనగానే చుట్టాలందరూ పెదవి విరిచారు, మేమూ తక్కువకి వచ్చిందనే కొన్నాం. కానీ 30 అడుగులు రోడ్డు వైపు, 60 అడుగులు లోతు అంటే మా ఇంటికి పడమర, తూర్పు గోడలు పొట్టివి, ఉత్తర, దక్షిణ గోడలు పొడుగువి. ఎండని ఆపడం కష్టమైన వైపు గోడే చిన్నది. పైగా దక్షిణం పక్కింటి వాళ్ళు అప్పటికే రెండంతస్తులు లేపేశారు, ఆ నీడ మాకు ఉచితం. అందరూ ఎగబడే ఉత్తర ముఖం స్థలాలు ఇవే కొలతలతో ఉంటే, పొడుగు గోడలు రెండూ తూర్పు పడమరల ఎండకి బలి. గజానికి రెండు వేలు ఎక్కువ పెట్టి వాటిని కొంటారు.

సిద్ధాంతి గారితో గొడవ తప్పదనుకున్నాను. ఎందుకంటే యజమాని పడకగది నైరుతిలో ఉండాలంటారు, వేడికి చూస్తే ఇంట్లో అంతకంటే చెడ్డ మూల లేదు. ఆయన "నైరుతిలో బరువుండాలి" అన్నారు. ఆ అమ్మాయి వెంటనే "అవునండీ, నేనూ అదే అంటున్నాను" అంది. పడమర గోడ పొడుగునా రెండడుగుల లోతు బీరువాలు, ఆ గోడకి కిటికీ లేదు, కిటికీలు దక్షిణానికి మాత్రమే. నైరుతిలో బరువుండాలన్న ఆయన నియమమూ చెల్లింది, పడమర ఎండకీ మా మంచానికీ మధ్య బట్టల అడ్డుగోడ కూడా వచ్చింది. మెట్లు పడమరలో ఉండొచ్చన్నారు కాబట్టి మిగిలిన ముఖం మీద మెట్లు, వాటి కింద కారు. మనుషులు పట్టుమని పది నిమిషాలు ఉండని చోట్లన్నీ పడమరకి పోయాయి. హాలు మధ్యలోకి జరిగింది. వంటిల్లు ఆగ్నేయం, దాని పక్కన తూర్పు పెరటి వైపు వసారా. అత్తయ్య గారికి వసారా మొదటి నుంచీ కావాలి, ‘రిచ్’ ప్లాన్‌లో దానికి చోటే దొరకలేదు. ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి నా కుర్చీ అక్కడే.

గోడల దగ్గర నిజంగా గొడవైంది. తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడకి బదులు ఎనిమిదంగుళాల ఏఏసీ బ్లాకులు (లోపలంతా గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు) అంది. ఆ గోడలోంచి వచ్చే వేడి ఇటుక గోడతో పోలిస్తే సగం కూడా ఉండదు. మేస్త్రి శాంపిల్ బ్లాకుని చేత్తో ఎగరేసి పట్టుకుని "బిస్కెట్లండీ ఇవి, మేకు కొడితే నిలబడదు" అన్నాడు. మేకు సంగతి నిజమే, దానికి వేరే ప్లగ్గులు వాడాలి. కానీ అప్పటిదాకా మాట్లాడని ఇంజనీరు ఆ బ్లాకు అంత తేలిగ్గా ఎగరడం చూసి తలెత్తాడు. మా వైపు నల్లరేగడి నేల, వానకి ఉబ్బి ఎండకి బీటలేస్తుంది, పునాదికే బోలెడు ఖర్చు. బ్లాకు బరువు అదే సైజు ఇటుక పనిలో మూడో వంతు. "గోడలు ఇవే అని ఇప్పుడే ఖాయం చేస్తే బీముల్లో, ఫుటింగుల్లో స్టీలు తగ్గిస్తాను. పునాది డ్రాయింగ్ ఇచ్చేశాక చెబితే నాకేం ప్రయోజనం ఉండదు" అన్నాడు. వేడి కోసం మొదలైన మాట స్టీలు లెక్కలో డబ్బు మిగిల్చింది. బ్లాకుల అదనపు ధర అక్కడే చాలావరకు పూడిపోయింది. ఇంజనీరు ఒక్కడే వచ్చి ఉన్నా, ఆ అమ్మాయి ఒక్కతే వచ్చి ఉన్నా ఈ లెక్క పుట్టేది కాదు.

మావారికి అప్పటికీ ఇవన్నీ డబ్బున్న వాళ్ళ వేషాలేనన్న అనుమానం. దానికి ఆ అమ్మాయి హైదరాబాద్ పోచారంలో ఇన్ఫోసిస్ కట్టిన ఆఫీసు సంగతి చెప్పింది. ఒకే భవనాన్ని రెండు సగాలు చేసి, ఒక సగానికి మామూలు ఏసీ, రెండో సగానికి శ్లాబులోనే పైపులు పరిచి చల్లటి నీళ్ళు తిప్పే పద్ధతి పెట్టారు. రెండింటికీ అయిన ఖర్చు ఇంచుమించు ఒకటే, చల్లబరచడానికి అయ్యే కరెంటు మాత్రం పైపుల సగంలో దాదాపు మూడో వంతు తక్కువ. "మనం పైపులేం వేయట్లేదు సార్. ఆ పైపులు శ్లాబు పోయకముందు పడాలి కదా, అది చెబుతున్నా." మావారు బ్యాంకు మనిషి, ఖర్చు ఒకటే అన్నాక ఇక మాట్లాడలేదు.

ఎలక్ట్రీషియన్ కుర్రాడిని పిలిచినందుకు దక్కిన లాభం చిన్నదే గానీ నాకు చాలా ఇష్టం. శ్లాబు పోసేటప్పుడే ఫ్యాన్ బాక్సులు పెట్టేస్తారు, గది కొలిచి నట్టనడుమ. తర్వాత బీరువాలొచ్చి గది చిన్నదవుతుంది, మంచం ఓ గోడకి జరుగుతుంది, ఫ్యాన్ మాత్రం ఎవరూ పడుకోని చోట తిరుగుతూ ఉంటుంది. పాతింట్లో నా సగం మంచానికి గాలే వచ్చేది కాదు. ఈసారి మంచాలు, బీరువాలు ప్లాన్ మీద గీసి, వాటిని బట్టి బాక్సుల చోటు గుర్తుపెట్టాం. నెత్తిన గాలి బాగా తగిలితే ఏసీ 27లో పెట్టుకున్నా హాయిగానే ఉంటుంది. ఫ్యాన్లు బీఎల్‌డీసీవి, పాత ఫ్యాన్ 75 వాట్లు తింటే ఇవి ముప్ఫై చిల్లరతో సరిపెట్టుకుంటాయి.

కిటికీల దగ్గర షాపు వాళ్ళు స్లైడింగే బాగుంటుందని పట్టుబట్టారు. రెండు తలుపుల స్లైడింగ్‌లో సగమే తెరుచుకుంటుంది, ఒక తలుపు ఇంకో తలుపు వెనక్కి పోవాలి కదా. రెక్క తలుపులైతే మొత్తం తెరుచుకుంటాయి. కేంద్రం 2018లో ఇళ్ళ కోసం ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ తెచ్చింది. అందులో మన కోస్తా లాంటి ఉక్కపోత ప్రాంతాలకి, తెరుచుకునే కిటికీ వైశాల్యం నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలని ఉంది. స్లైడింగ్ పెట్టి ఆ ఆరో వంతు తేవాలంటే కిటికీ సైజు రెండింతలు చేయాలి. దోమల మెష్ వల్ల గాలి కొంత తగ్గింది, దానికి మందేం లేదు, గుంటూరులో మెష్ లేకుండా ఎవరుంటారు.

ఆ కోడ్ 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లో కట్టే వాటి కోసం తెచ్చింది, మా 200 గజాలకి వర్తించదు. అయినా ఆ అమ్మాయి లెక్క కట్టి చూపించింది. గోడలూ కిటికీలూ కలిసి చదరపు మీటరుకి సగటున ఎన్ని వాట్ల వేడిని లోపలికి పంపుతాయో చెప్పే అంకె ఒకటుంది, అది 15 దాటకూడదు. మా మొదటి ప్లాన్‌కి 17 దాటింది. మార్చిన ప్లాన్‌కి 9 చిల్లర. ఏ మార్పుకి ఎంత తగ్గుతోందో ఒక్కోటి తీసేసి మళ్ళీ వేసి చూపించమన్నాను, లెక్కల టీచర్ని కదా. అన్నింటికంటే ఎక్కువ తగ్గించినవి రెండు: బ్లాకులు, పడమర అద్దం తీసేయడం. రెండోదానికి అయిన ఖర్చు సున్నా, ఇంకా అద్దం డబ్బులు మిగిలాయి. మావారు ఇష్టపడి అడిగిన రంగు అద్దం మాత్రం, దక్షిణాన నీడలో ఉన్న కిటికీలకి పెడితే పెద్ద తేడా ఏమీ చూపించలేదు. మానేశాం.

ఆ అంకెలో కప్పు లెక్కలోకి రాదు, దానికి వేరే పరిమితి ఉంది. మన మామూలు శ్లాబు ఆ పరిమితికి దరిదాపుల్లో కూడా ఉండదు, రెండు మూడు రెట్లు ఎక్కువ వేడిని దింపుతుంది. కాబట్టి శ్లాబు మీద రెండంగుళాల గట్టి ఫోమ్ పలకలు, వాటి మీద వాలు కాంక్రీటు, పైన తెల్ల టైల్స్. కింద సీలింగ్‌కి కాకుండా పైనే ఎందుకంటే, ఎండ కాంక్రీటుని తాకకముందే ఆగిపోవాలి. దీనికి లక్షన్నర దాటింది. ఇంటి మొత్తంలో వేడి కోసమే విడిగా పెట్టిన పెద్ద ఖర్చు ఇదొక్కటే.

మేం తప్పు చేసింది కూడా ఇక్కడే. అంతమందిని కూర్చోబెట్టాం గానీ తలుపుల వడ్రంగిని పిలవలేదు. ఫోమ్, కాంక్రీటు, టైల్స్ కలిపి డాబా నేల దాదాపు ఐదంగుళాలు లేస్తుందని మా అందరికీ తెలుసు. డాబా మీదికెళ్ళే మెట్లగది గుమ్మం పెట్టిన వడ్రంగికి తెలియదు. అతను మామూలుగా శ్లాబు నుంచి కొలుచుకుని గడప నిలబెట్టి పోయాడు. టైల్స్ పూర్తయ్యాక చూస్తే డాబా నేల, గడప ఒకే ఎత్తు. జూలైలో తొలి పెద్ద వానకి నీళ్ళు మెట్ల మీద నుంచి జారుకుంటూ కింద అత్తయ్య గారి గుమ్మం దాకా వచ్చాయి. ఆవిడ చీపురు పట్టుకుని "ఇంతమంది ఇంజనీర్లు కూర్చుని ఇదేనా కట్టింది" అన్నారు. నోరెత్తలేకపోయాం. తర్వాత నాలుగంగుళాల గ్రానైట్ గడప వేయించాం. దానికి కాలు తట్టుకుని మావారు రెండుసార్లు పడబోయారు. పిట్టగోడలో వాన నీటి రంధ్రాలు మాత్రం మేస్త్రి ముందే ఆ ఐదంగుళాలు లెక్కేసుకుని పెట్టాడు, ఎందుకంటే ఆ ఆదివారం అతను ఉన్నాడు.

సోలార్‌కి కూడా ముందే చోటు వదిలాం. నీళ్ళ ట్యాంకు నైరుతిలోనే, అన్నిటికంటే ఎత్తున ఉండాలన్నారు సిద్ధాంతి గారు. చలికాలం మధ్యాహ్నాల్లో దాని నీడ ఈశాన్యం వైపు పొడుగ్గా సాగుతుంది, మళ్ళీ నా నోట్‌బుక్కే. ఆ నీడ అందని తూర్పు సగంలో మూడు కిలోవాట్ల పలకలు. కేంద్రం పథకంలో మూడు కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ వస్తుంది. పలకల్ని బట్టలారేసుకునేంత ఎత్తులో నిలబెట్టాం, కింద డాబాకి నీడ.

ఈ మార్పులన్నీ తేలడానికి మూడు నెలలు పట్టింది. మూడు నెలల అద్దె అదనం, చుట్టాల ఫోన్లు, "ఇంకా శంకుస్థాపన కాలేదా" అని. ఆ టెన్షన్‌లో మావారూ నేనూ వారం రోజులు సరిగ్గా మాట్లాడుకోలేదు కూడా. కట్టడం మొదలయ్యాక మాత్రం మేస్త్రి ఒక్కసారీ "ఇక్కడేం చేయమంటారు" అని పని ఆపి ఫోన్ చేయలేదు. గోడ కట్టి పగలగొట్టింది ఒక్కటీ లేదు. మా తోడికోడలు ఇంటికి అలాంటివి నేను చూసినవే నాలుగు.

కరోనా టైములో బడికి ఇచ్చిన నుదుటి థర్మామీటర్ ఒకటి స్టాఫ్ రూములో పడి ఉండేది. దాంట్లో వస్తువుల వేడి చూపించే మీట కూడా ఉంది. పాతిల్లు ఖాళీ చేసే ముందు మే నెలలో సాయంత్రం ఆరింటికి పడకగది కప్పు మీదికి గురిపెడితే 42 చూపించింది. గృహప్రవేశం తర్వాత తొలి మే నెలలో అదే వేళకి కొత్త పడకగది కప్పు 34. నాలుగు ఏసీలు అన్న చోట రెండే కొన్నాం, రెండూ ఒక్కో టన్నువి. మామయ్య గారు కింద గదిలో ఏసీ వద్దే వద్దన్నారు, ఫ్యాన్ చాలట. సోలార్ ఇంకా పెట్టకముందు ఆ మే నెల బిల్లు పాతింటి బిల్లులో సగానికి కాస్త ఎక్కువ వచ్చింది, పాతింట్లో ఉన్నది ఒక కాపురమే, ఇప్పుడు రెండు కాపురాలు.

ఎలివేషన్ సంగతి మిగిలింది. అద్దం అంతా తీసేశాక ముఖం బోసిపోయిందని మావారు చాలా బాధపడ్డారు. మెట్లగదికి పడమర వైపు మట్టి జాలీ గోడ కట్టుకుందామంది ఆ అమ్మాయి, గాలి వస్తుంది, ఎండ విరుగుతుంది. జాలీ ఒప్పుకున్నారు గానీ దాని మధ్యలో నిలువుగా ఒక అద్దపు పట్టీ మాత్రం ఉండాల్సిందేనన్నారు, రెండున్నర అడుగుల వెడల్పుది. మెట్లే కదా అని వదిలేశాం. ఏప్రిల్ సాయంత్రం ఐదింటికి ఆ మెట్ల మలుపు దగ్గర రెయిలింగ్ స్టీలు కమ్మీ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. లోపల కర్టెన్ కట్టి చూశాం, లాభం లేదు, ఎండ అద్దం దాటి వచ్చాక కర్టెన్ వేడెక్కుతుందంతే. బయటి నుంచే ఆపాలి. మొన్న ఆదివారం మావారే నిచ్చెన వేసుకుని కొలతలు తీసుకొచ్చారు, వెదురు తడిక కట్టించడానికి. ఏడడుగుల పదంగుళాలు ఎత్తు. వెడల్పు కొలవడం మర్చిపోయారు.